ప్రొష్షుత్తో పచ్చి మాంసమేనా?

ఇటలీలోని బొలోన్యా నగరంలో చదువుకోవడానికి వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ప్రొష్షుత్తో అంటే పంది తొడతో చేసే ఇటాలియన్ మాంసం. దుకాణంలో 'క్రూదో' అన్న చీటీ చూస్తారు. దానికి అర్థం 'పచ్చి' అని తెలియగానే వెనక్కి తగ్గుతారు. దానికి నిప్పు తగలని మాట నిజమే. అయినా అది పచ్చి మాంసం కాదు.

మామిడి ఒరుగులు, ఉప్పుచేపలు ఎరిగిన మనకు ఈ పేరు సులభంగా అర్థమవుతుంది. లాటిన్‌లో 'ఎక్సుక్తుస్' అంటే పీల్చివేసినది, తడి తీసేసినది. ప్రొష్షుత్తో ఆ మాట నుంచే వచ్చింది. 'ప్రొష్షుగారే' అంటే తడి లేకుండా ఆరబెట్టడం అని ఇటాలియన్లు ఇప్పటికీ అంటారు.

పార్మా ప్రాంతపు ప్రొష్షుత్తోలో ఉండేవి పంది తొడ, ఉప్పు మాత్రమే. మాంసం నిలవ ఉండటానికి వాడే నైట్రేట్లు కలపరు. ఉప్పు తడిని లాగేస్తుంది, మిగిలినది గాలి, కాలం చూసుకుంటాయి. పార్మా దగ్గరి లాంగిరానో కొండల్లో ఎత్తయిన కిటికీల భవనాల్లో తొడలు వరుసగా వేలాడుతుంటాయి. తోలు లేని చోట మరీ గట్టిపడకుండా పంది కొవ్వు ముద్ద పూస్తారు. మొత్తం కనీసం 14 నెలలు పడుతుంది. చివరికి గుర్రపు ఎముకతో చేసిన సూదిని మాంసంలో గుచ్చి, వాసన చూసి నాణ్యత తేలుస్తారు. ఆ ఎముక వాసనను ఇట్టే పట్టుకుంటుంది, త్వరగా వదిలేస్తుంది కూడా. అంత ఓపికతో చేసిన ఆహారమంటే నాకు ఎంతో గౌరవం. పరీక్షలో నెగ్గిన తొడమీద అయిదు కొనల కిరీటం ముద్ర వేస్తారు. కొనేటప్పుడు అది చూడండి. ఈశాన్య ఇటలీలోని ఫ్రియూలీలో తయారయ్యే మరో రకం ప్రొష్షుత్తో, సాన్ దానియేలేను గిట్ట ఉంచిన కాలిని చూసి గుర్తుపట్టవచ్చు.

'ప్రొష్షుత్తో' అని మాత్రమే అడిగితే "క్రూదోనా, కొత్తోనా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. కొత్తో అంటే ఉడికించినది. రెండూ పంది మాంసమే. అలాగే ఆరబెట్టి అమ్మే బ్రెజావోలా అన్నది సాధారణంగా గొడ్డు మాంసం.

ఇవేవీ తినని వాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. బొలోన్యా తొర్తెల్లీనీ చూడటానికి ఉత్త పాస్తాలా ఉంటుంది కానీ, లోపలి పూర్ణంలో పంది మాంసం, ప్రొష్షుత్తో, మొర్తదెల్లా అనే పంది సాసేజి ఉంటాయి. పియదీనా రొట్టె పిండిలోనూ సాధారణంగా పంది కొవ్వు కలుపుతారు. ఆ కొవ్వును 'స్త్రుత్తో' అంటారు, ఆ మాట గుర్తుంచుకుని అడగండి. గర్భిణులకు ఇక్కడి వైద్యులు క్రూదో వద్దంటారు.

తినేవాళ్లు మొదటిసారి 'ఉన్ ఎత్తో', అంటే 100 గ్రాములు, పలుచగా కోయించుకుని ఆ రోజే తినండి. వేసవిలో అయితే ఖర్బూజా ముక్కతో తినండి. అంచున ఉన్న తెల్లని కొవ్వు మాత్రం తీసి పారేయకండి, రుచి అందులోనే ఉంది.