ఆ ఇల్లు వదిలి ఎందుకు పోరు?

చిన్నమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన నవల మొదటి భాగం చదివాను. గూడూరు దగ్గర ఒకప్పుడు మైకా వ్యాపారి కట్టిన పెద్దిల్లు, మూడు తరాల తర్వాత ఆ ఇంటికి కాపురానికొచ్చిన కోడలు. ఎత్తుగడ బాగుంది. కానీ మొదటి అధ్యాయం అయ్యేలోపే కుక్క ఏడ్చింది, కరెంటు పోయింది, తెల్లచీర కనపడింది, బావిలోంచి ఎవరో పిలిచారు. ఇక మిగతా పుస్తకంలో ఏం చేస్తావు?

ఇది నీ తప్పు కాదులే. మా తరం చేసిన అలవాటు. ఎనభైల్లో వారపత్రికల నిండా చేతబడి సీరియళ్లే. నిమ్మకాయలు, పిండిబొమ్మలు, శ్మశానంలో మంత్రగాడు. మేమూ ఎగబడి చదివాం. వాటికి ప్రతి వారం చివర ఒక ఉలికిపాటు కావాలి, లేకపోతే వచ్చే వారం పత్రిక కొనరు. పైగా అక్కడ శత్రువెవరో తెలుసు, వాడిని ఓడిస్తే కథ అయిపోతుంది. నువ్వు రాయాలనుకుంటున్నది ఆ జాతి కాదు. నెమ్మదిగా పట్టుకునే కథలో శత్రువు ఉన్నాడో లేడో కూడా చివరిదాకా తేలదు.

అందుకని దయ్యం సంగతి కాసేపు పక్కనపెట్టి ఒక్క ప్రశ్నకి జవాబు రాసుకో. వీళ్లు ఆ ఇల్లు వదిలి ఎందుకు పోరు? చదివేవాళ్లు మొదట అడిగేది అదే. "అంత భయమైతే నెల్లూరులో అద్దెకి ఉండొచ్చు కదా" అంటారు.

షిర్లీ జాక్సన్ 1959లో రాసిన హిల్ హౌస్ నవల చదువు. అందులో ఎలినార్ మంచాన పడ్డ తల్లికి పదకొండేళ్లు చాకిరీ చేసింది. తల్లి పోయాక అక్క ఇంట్లో సర్దుకుని ఉంటోంది. తనదంటూ ఒక గది లేదు. ఎవరో ఒకాయన దయ్యాల ఇంటిమీద పరిశోధనకి రమ్మని పిలిస్తే, పిలిచినందుకే పొంగిపోయి బయల్దేరుతుంది. మిగతావాళ్లకి ఎప్పుడు బయటపడదామా అనిపించే ఇంట్లో ఆమెకి ఉండిపోవాలనిపిస్తుంది. భయమంతా అక్కడుంది. తలుపులు బాదుకోవడం దాని తర్వాత సంగతి. హెన్రీ జేమ్స్ 1898లో రాసిన కథలో పిల్లలకి చదువు చెప్పడానికి వచ్చిన అమ్మాయికి యజమాని పెట్టిన షరతు ఒక్కటే: ఏం జరిగినా తన దాకా రాకూడదు. ఆ ఒక్క షరతుతో ఆమె ఊపిరి బిగిసిపోయింది.

మన దగ్గర ఇలాంటి కట్లకి కొదవా? భాగాలు తేలని ఆస్తి, కోర్టులో వాజ్యం, "నా ప్రాణం ఈ గోడల మధ్యే పోవాలి" అని భీష్మించుకున్న అత్తగారు, ఇంటిమీద తెచ్చిన లోను. నీ కోడలికి వీటిలో ఒకటి ఇవ్వు. అది చాలదు, పుట్టింటికి తిరిగి పోలేని కారణం కూడా ఒకటి ఉండాలి. దాన్ని ఆమె ఎవరికీ చెప్పకూడదు. మనకి కూడా సగం పుస్తకం దాకా చెప్పకు.

ఇక ఇల్లు. కాగితం మీద ప్లాను గీసుకో. వాకిలి ఎటు, వంటిల్లు ఎటు, అటక ఎక్కే నిచ్చెన ఎక్కడ, బావికీ దొడ్డి తలుపుకీ ఎన్ని అడుగులు. తర్వాత గాలి ఎటు వీస్తుందో రాసుకో. మనది సముద్రం పక్క జిల్లా. మధ్యాహ్నం దాటాక తూర్పు నుంచి సముద్రపు గాలి వస్తుంది, రాత్రి పొద్దుపోయాక నేల మీది గాలి అటు మళ్లుతుంది. అంటే తూర్పు గది తలుపు సాయంత్రం దానంతటదే దడాలున మూసుకుంటుంది, అర్ధరాత్రి దానంతటదే మెల్లగా తెరుచుకుంటుంది. ఇంట్లో అందరికీ తెలుసు. కొత్త కోడలు మొదటిరోజు ఉలిక్కిపడితే అత్తగారు నవ్వి, "గాలమ్మా" అని రుబ్బురోలు పొత్రం తెచ్చి అడ్డం పెడుతుంది. ఆ నవ్వు రాయి, ఆ పొత్రం బరువు రాయి. రోజూ రాత్రి పడుకునే ముందు దాన్ని అడ్డం పెట్టడం కోడలి పనుల్లో ఒకటి అయిపోవాలి. చదివేవాళ్లు ఆ సంగతే మర్చిపోవాలి.

తర్వాత నవంబరు రానీ. మనకి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే కదా. వాయుగుండం వచ్చేముందు ఆకు కదలని ఉక్కపోత ఉంటుంది చూడు, ఆ రాత్రి తలుపు తెరుచుకోవాలి. దీపం వత్తి వణకదు, తలుపు మాత్రం తెరుచుకుంటుంది. పొత్రం పక్కకి జరిపి ఉంటుంది. పొద్దున ఎవరు జరిపారని అడిగితే ఒక్కొక్కరికీ ఒక్కో మామూలు కారణం. అందరివీ నమ్మదగినవే. ఎవరూ అబద్ధమాడినట్టు ఉండదు. మరో నాలుగు రోజులకి ఆ పొత్రం కోడలి మంచం కింద ఉంటుంది, తన అరచేతికి సున్నం అంటి ఉంటుంది.

నేను చెప్పదలుచుకున్నదంతా ఇదే అనుకో. జరిగే ప్రతిదానికీ ఒక మామూలు కారణం ఇవ్వు. వేసంగిలో ఎండకి కాగిన పెంకులు రాత్రి చల్లబడేటప్పుడు చిటపటమంటాయి. అటక మీద మానుపిల్లి తిరుగుతుంది. గోడ సున్నం ఉప్పుకి ఉబ్బి మొహంలా కనపడుతుంది. ఈ కారణాలు చెప్పే మనిషిని వెటకారంగా చూపించకు. నెమ్మదస్తుడు, కోడలంటే ప్రేమ ఉన్నవాడు, చాలాసార్లు కరెక్టే అయినవాడు చెప్పాలి. మొదట ఆ కారణాన్ని నమ్మడం సుఖంగా ఉంటుంది. పోనుపోను నమ్మాలంటే ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తుంది. చివరికి కోడలు నమ్మాలంటే తన మతి పోయిందని ఒప్పుకోవాలి. అక్కడ ఆపు.

గది ఉన్నట్టుండి చల్లబడిందని రాశావు. ఇంగ్లీషు కథల్లో అది భయం, ఎందుకంటే అక్కడ చలి. రోహిణి కార్తెలో మన ఇంట్లో ఒక గది చల్లగా ఉంటే ఎవరూ పరిగెత్తరు, మంచాలు అక్కడికి చేరుస్తారు! నిజానికి నువ్వు రాయాల్సింది అదే. అత్తగారు, పిల్లలు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు అందరూ సంతోషంగా అదే గదిలోకి చేరి హాయిగా నిద్రపోతారు. ఎవరికీ కల రాదు. కోడలికి మాత్రం అక్కడ నిద్ర పట్టదు. అలాగే అర్ధరాత్రి అమావాస్య మానేసి మిట్టమధ్యాహ్నం వాడుకో. మే నెలలో రెండు గంటలప్పుడు మన వీధుల్లో మనిషి కనపడడు. ఆ వేళ చింతచెట్టు కిందికి పోవద్దని మన పెద్దలు ఊరికే అనలేదు.

మైకా సంగతి నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు, నాకు మనసు ఒప్పలేదు. కాకిబంగారం అని మా చిన్నప్పుడు ఏరుకునేవాళ్లం. ఆ పక్క మట్టిలో పొడి పొడిగా ఉంటుంది, కాలికి అంటుకుని ఎండలో మెరుస్తుంది. షెడ్లలో ఆడకూలీలు వరసగా కూర్చుని కత్తితో పలకల్ని పొరలుగా చీల్చేవాళ్లు. ఎలక్ట్రికల్ సామాన్లకి పోయేది. రెండో ప్రపంచ యుద్ధమప్పుడు గిరాకీ బాగా ఉండేది. నీ ఇల్లు ఆ డబ్బుతో కట్టింది కదా. నెల రోజులుగా గడప దాటని ముసలావిడ దిండు మీద ఒక ఉదయం కాకిబంగారం మెరవనీ. దానికీ కారణం ఉంది, గాలికి ఎగిరొచ్చింది. ఎవరి చేతుల కష్టం మీద ఆ ఇల్లు లేచిందో నువ్వు విడిగా చెప్పక్కర్లేదు. మధ్యలో పూజారిని తెచ్చి పాత కథంతా చెప్పించావు చూడు, ఆ ఆరు పేజీలూ తీసేయ్.

జొన్నవాడకి ఒకసారి పోయి రా. గాలి సోకిందని, మనసు బాగాలేదని మనుషుల్ని తీసుకొచ్చి కామాక్షమ్మ గుడి దగ్గర నిద్ర చేయిస్తారు. ఊగేవాళ్లని చూస్తూ నిలబడకు, అది మర్యాద కాదు. వెంట వచ్చిన ఇంటివాళ్లని గమనించు. మొగుడు ఫోను చూసుకుంటుంటాడు, తల్లి క్యారేజీ విప్పి పెరుగన్నం కలుపుతుంటుంది, ఆడబిడ్డ "డాక్టరు దగ్గరికి పోదామంటే విన్నారా" అని గొణుగుతుంటుంది. గాలి అనే మాటకీ డిప్రెషన్ అనే మాటకీ మధ్య ఒక ఇంట్లో నడిచే గొడవ నీ నవలకి వెన్నెముక. నువ్వు మాత్రం ఏ పక్కా తీర్పు చెప్పకు.

ముగింపు గురించి టెన్షన్ పడుతున్నానన్నావు. టాగూరు 1895లో రాసిన 'క్షుధిత పాషాణ్' చదివావా? పాత రాజభవనంలో మకాం పెట్టిన పన్నుల అధికారి కథ. పగలు ఆఫీసులో మామూలు మనిషి, పొద్దుగూకేసరికి ఇంకొకడు. దాన్ని రైల్వే వెయిటింగ్ రూములో ఒకాయన చెబుతుంటాడు, అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి రైలు వచ్చేస్తుంది. అంతే. చూసి కాపీ కొట్టమనడం లేదు, ఇప్పుడు అలా చేస్తే మోసం చేశావంటారు. కానీ నీ కోడలు ఇల్లు వదిలిందా, ఇల్లు తనని ఉంచేసుకుందా అన్నది రెండు రకాలుగా చదివినా పొసగాలి. ఏ ఒక్క రకానికీ పేజీల్లో సాక్ష్యం తక్కువ కాకూడదు. దీనికి అడ్డదారి లేదు. మొత్తం రాశాక ఒకసారి దయ్యం ఉందనుకుని చదువు, ఇంకోసారి లేదనుకుని చదువు. ఎక్కడ అతకలేదో అక్కడ దిద్దు.

ఇంకొక్కటి. "గుండె ఝల్లుమంది", "ఒళ్లు జలదరించింది" ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి కొట్టేయ్. భయపడిన మనిషి చేసే పని రాయి. గ్యాసు కట్టేశానా లేదా అని మూడోసారి లేచి చూస్తుంది. పాలు పొంగిపోతున్నా, పక్కనే నిలబడి ఉండి కూడా గమనించదు.

రెండో అధ్యాయం మళ్లీ రాసి సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురా, కూర్చుని చూద్దాం. మీ నాన్నకి ఇప్పుడే చూపించకు. ఆ ఇల్లు ఎవరిదో రెండు పేజీల్లో పసిగట్టేస్తాడు, ఆ తర్వాత వాళ్ల పెళ్లిళ్లకి మనం పోలేం. ఎవరూ గుర్తుపట్టకుండా వాకిలి ఉత్తరానికి తిప్పి, బావిని ముందువైపుకి మార్చు.

ఉంటాను,
పెదనాన్న
కావలి