నర్సింగ్ చదువు అయిపోయింది, నగలు కుదువ పెట్టి జర్మనీ పంపాలా?

ప్రశ్న: మాది పూతలపట్టు దగ్గర పల్లె. నాలుగు ఆవులు, రెండెకరాల మామిడి తోట ఉన్నాయి. మా అమ్మాయి ఈ ఏడాదే తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసింది. ఏటా 75 వేల చొప్పున మొత్తం 3 లక్షల ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నాం. వడ్డీ పది శాతం. వచ్చే ఏడాది కంతులు మొదలయ్యేసరికి 4.05 లక్షలు అవుతుందని బ్యాంకులో చెప్పారు. తిరుపతిలోనే రెండు ఉద్యోగాలు వచ్చాయి. ముప్పై పడకల నర్సింగ్ హోమ్‌లో 17 వేలు ఇస్తారట, నగదు చేతికే. రెండొందలకు పైగా పడకలున్న ఆసుపత్రిలో 14,500, అందులోనూ పీఎఫ్ కటింగ్. ఇంకోపక్క ఒక కన్సల్టెన్సీ వాళ్లు 5 లక్షలు కడితే ఆరు నెలల్లో జర్మనీ పంపిస్తామంటున్నారు. 20 వేలు అడ్వాన్స్ ఇచ్చేశాం. నా భార్య నగలు కుదువ పెడదామంటోంది. అమ్మాయేమో ఏ ఉద్యోగమూ వద్దు, ఇంట్లో కూర్చుని గవర్నమెంట్ పరీక్షకు చదువుకుంటానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: నగలు బీరువాలోనే ఉండనివ్వండి. అమ్మాయిని 14,500 ఇచ్చే ఆసుపత్రిలో చేర్పించండి. ఎందుకో చెబుతాను.

మీరు రెండు ఉద్యోగాలనూ జీతంతో పోలుస్తున్నారు. కొత్తగా బయటికొచ్చిన నర్సుకు మొదటి రెండేళ్లలో జీతం కన్నా విలువైనది ఇంకోటి ఉంది. ఎక్కడ, ఏ వార్డులో, ఎంతకాలం పనిచేసిందో కాగితం మీద రుజువు చేసుకోగలగడం. గల్ఫ్ దేశాల ఉద్యోగాలకు సాధారణంగా రెండేళ్ల అనుభవం అడుగుతారు. అక్కడ డేటాఫ్లో అనే సంస్థ మీ అమ్మాయి సర్టిఫికెట్లను, అనుభవ పత్రాన్ని నేరుగా కాలేజీని, ఆసుపత్రిని అడిగి సరిచూస్తుంది. నగదుగా జీతమిచ్చే చోట పే స్లిప్ ఉండదు, పీఎఫ్ ఖాతా ఉండదు. రేపు అక్కడి యజమాని మారినా, మాట మార్చినా ఆ రెండేళ్లు లెక్కలోకి రావు. పీఎఫ్ పాస్‌బుక్‌లో నెలనెలా పడే ఎంట్రీని మాత్రం ఎవరూ కాదనలేరు.

పైగా జీతం 21 వేల లోపు ఉంది కాబట్టి ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కూడా వర్తించాలి. అమ్మాయి వాటాగా పోయేది జీతంలో 0.75 శాతం, అంటే నెలకు నూటపది రూపాయల లోపే. మీ సొంత ఆదాయం నిబంధనల్లో చెప్పిన పరిమితికి లోబడి ఉండి, మీరు ఆమె మీద ఆధారపడినవారైతే ఆ వైద్యం మీకూ అందుతుంది. చేరేముందు హెచ్ఆర్ వాళ్లను మూడు సంగతులు అడగమనండి: ఐసీయూ, ఎమర్జెన్సీ వార్డుల్లో డ్యూటీ వేస్తారా, మానేసేటప్పుడు అనుభవ పత్రం ఇస్తారా, ఇంతకాలం మానేయకూడదనే బాండ్ ఉందా. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టండి అంటే మాత్రం ఒప్పుకోవద్దు. జిరాక్స్ కాపీలు చాలు. ప్రభుత్వ పోస్టు వస్తే వెరిఫికేషన్‌కు ఆ ఒరిజినల్సే చూపించాలి. ఆ పూట వాటి కోసం ఆసుపత్రి గుమ్మం ముందు నిలబడే పరిస్థితి తెచ్చుకోకూడదు.

14,500 తక్కువ కాదా అంటే తక్కువే. ప్రైవేటు నర్సుల జీతాల మీద 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం ఒక కమిటీ వేసింది. యాభై పడకల లోపు ఆసుపత్రుల్లో కూడా 20 వేలకు తగ్గకూడదని, రెండొందల పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. ఆ లెక్కన మీ అమ్మాయికి చెప్పిన రెండు జీతాలూ తప్పే. సిఫారసు కాగితం మీద ఉంది, మనకు అప్పు బ్యాంకులో ఉంది. కాబట్టి ఉన్న జీతంతోనే లెక్క వేద్దాం.

4.05 లక్షలను ఏడేళ్లలో తీరిస్తే నెల కంతు సుమారు 6,720. పదేళ్లయితే 5,350. పదేళ్ల దారిలో మొత్తం మీద 77 వేల దాకా ఎక్కువ కడతారు. అయినా పదేళ్లే అడగండి. ఎడ్యుకేషన్ లోన్ ముందుగా తీర్చేస్తే జరిమానా ఉండదు, జీతం పెరిగాక ఎప్పుడైనా పెద్ద మొత్తం కట్టి దింపేయొచ్చు. మొదటి రెండేళ్లలో కంతు తప్పకుండా ఉండటమే ముఖ్యం. ఈ లోన్‌లో మీరూ సహ రుణగ్రహీత. కంతు తప్పితే మచ్చ అమ్మాయి సిబిల్‌తో పాటు మీ సిబిల్ మీదా పడుతుంది. రేపు మీరు పంట రుణమో, ఆవుల లోనో అడిగితే బ్యాంకు వాళ్లు ముందు చూసేది దాన్నే.

పీఎఫ్, ఈఎస్ఐ పోను చేతికి 12,600 దాకా వస్తుంది. కంతు పోతే 7,200 మిగులుతుంది. తిరుపతిలో హాస్టల్, తిండి, బస్సు ఖర్చులకు అది సరిగ్గా సరిపోతుంది, ఒక్కో నెల సరిపోదు కూడా. ఆసుపత్రి హాస్టల్ ఇస్తే ఊపిరాడుతుంది. లేకపోతే పాల డబ్బులోంచి నెలకు రెండు వేలు పంపండి. 5 లక్షల బంగారు లోన్‌కు వడ్డీ కట్టడంతో పోలిస్తే ఇది మీకు మోయలేని బరువు కాదు. కంతులు మొదలవడానికి ఇంకా టైం ఉంది కదా, ఇప్పటినుంచే నెలకు 2,500 కట్టగలిగితే అసలు మీద కొత్త వడ్డీ పేరుకోదు. కుదరకపోతే టెన్షన్ పడకండి. ఒకటి మాత్రం బ్యాంకులో అడగండి: కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉన్నవారికి మారటోరియం కాలపు (కంతులు మొదలయ్యేలోపు) వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. కాలేజీ గుర్తింపు లాంటి కొన్ని షరతులున్నాయి. మీ లోన్‌కు అది పెట్టారో లేదో మేనేజర్ చెప్పగలరు.

ఇక గవర్నమెంట్ ఉద్యోగం. అమ్మాయి ఆశలో తప్పేమీ లేదు. ఎయిమ్స్ వాళ్లు పెట్టే నార్సెట్ పరీక్షకు బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లు అనుభవం లేకుండానే రాయొచ్చు, రిజిస్ట్రేషన్ ఉంటే చాలు. మూల వేతనం 44,900. డీఏ, నర్సింగ్ అలవెన్సు లాంటివి కలిస్తే 70 వేలు దాటుతుంది. మంగళగిరి ఎయిమ్స్ కూడా దీని కిందికే వస్తుంది. జనరల్ అభ్యర్థులకు వయోపరిమితి 30 ఏళ్లు కాబట్టి ఆమెకు చాలా అవకాశాలున్నాయి. ప్రిలిమ్స్‌లో వంద ప్రశ్నలుంటే ఎనభై నర్సింగ్ సబ్జెక్టువే. వార్డులో పనిచేసే అమ్మాయికి ఆ ఎనభై రోజూ కళ్ల ముందే ఉంటాయి, పుస్తకంతో ఇంట్లో కూర్చున్న అమ్మాయికి ఉండవు. డ్యూటీ అయ్యాక రెండు గంటలు చదివితే మంచిది. ఉద్యోగం మానేసి కోచింగ్ సెంటర్‌కు యాభై వేలు కట్టడం నాకు నచ్చదు. రైల్వే, ఈఎస్ఐసీ నోటిఫికేషన్లు కూడా చూస్తూ ఉండమనండి. మన వైపు ప్రభుత్వాసుపత్రుల స్టాఫ్ నర్సు కాంట్రాక్టు పోస్టులను కడపలోని రీజనల్ డైరెక్టర్ కార్యాలయం భర్తీ చేస్తుంటుంది. ఆ ఎంపికలో కోర్సు మార్కులకే ఎక్కువ తూకం. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఇంకా చేయించకపోతే ముందు ఆ పని చూడండి, అది లేనిదే పైవేవీ కుదరవు.

చిత్తూరు వాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది, తమిళనాడులోని వేలూరు మీకు దగ్గరే. అక్కడి సీఎంసీ ఆసుపత్రి లాంటి చోట చేసిన అనుభవానికి బయటి దేశాల్లో విలువ ఎక్కువ. మీ అమ్మాయికి తమిళం వచ్చే ఉంటుంది. తమిళనాడులో చేయాలంటే అక్కడి కౌన్సిల్‌లో కూడా నమోదు కావాలి. ఏడాది తర్వాత ఆలోచించొచ్చు.

జర్మనీ సంగతి. అక్కడ నర్సుల కొరత నిజమే, ఉద్యోగాలూ నిజమే. ఆరు నెలల మాట మాత్రం నమ్మకండి. అక్కడ పూర్తి స్థాయి నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా జర్మన్ భాషలో బీ2 స్థాయి కావాలి. అక్షరం ముక్క రానివాళ్లకు అది ఏడాది పైమాటే, అదీ రోజూ కూర్చుని చదివితే. కేరళ ప్రభుత్వ సంస్థ నోర్కా ట్రిపుల్ విన్ పథకం కింద జర్మనీ పంపే నర్సుల దగ్గర భాష నేర్పినందుకు కూడా డబ్బు తీసుకోరు. మన రాష్ట్రానికీ విదేశీ ఉద్యోగాల కోసం ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది, ముందు అక్కడ విచారించండి. అమ్మాయికి నిజంగా ఇష్టముంటే ఉద్యోగం చేస్తూ భాష మొదటి మెట్టు నేర్చుకోమనండి. తనకు ఆ భాష పడుతుందో లేదో తేలుతుంది.

విదేశీ ఉద్యోగాలు ఇప్పించే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. అలా ఉన్నవాళ్లు కూడా అభ్యర్థి దగ్గర తీసుకోగల సేవా రుసుము 30 వేలు, దానిపై జీఎస్టీ. అంతే. 5 లక్షలు దేనికో వాళ్లనే అడగండి. కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో వాళ్ల పేరు ఉందో లేదో అమ్మాయి ఫోన్‌లోనే చూడొచ్చు. లేకపోతే ఇంకో రూపాయి ఇవ్వకండి. ఇచ్చిన 20 వేలు వెనక్కి కావాలని రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరుంటే ముందు దాన్ని తెచ్చుకోండి. డబ్బు తిరిగి ఇవ్వకపోతే అదే ఈమైగ్రేట్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ కాగితాలతో పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. రిజిస్ట్రేషన్ లేకుండా ఈ పని చేయడం 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద నేరం, ఆ మాట ఫిర్యాదులో రాయండి.