సిరీస్ 3 ల్యాండ్ రోవర్: గాల్వనైజ్డ్ (జింక్ పూత పెట్టిన) భాగాలను గీకే ముందు

1974 నాటి సిరీస్ 3 కొన్నానని, ముందు బంపర్, వెనక తొట్టి అంచుల పట్టీలు ఎర్రబడ్డాయని రాశారు. గీకి వెండి రంగు వేయాలా, మళ్లీ జింక్ పూత పెట్టించాలా అని అడిగారు. చేతిలో వైర్ బ్రష్ ఉంటే ముందు దాన్ని కింద పెట్టండి. ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో అలాంటి బండితోనే ఆరు చలికాలాలు గడిపాను. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఏం చేస్తుందో చూశాను, నా అతితెలివి ఏం చేస్తుందో అంతకంటే బాగా చూశాను.

ఎరుపు కనిపించినంత మాత్రాన జింక్ పోయినట్టు కాదు. నా బంపర్ మీద కిందికి జారిన ఎర్రని చారలు చూసి బెంబేలెత్తిపోయాను. తీరా సబ్బునీళ్లతో, గిన్నెలు తోమే నైలాన్ పీచుతో రుద్దితే ముప్పావు వంతు పోయింది. కింద బూడిద రంగు జింక్ భద్రంగా ఉంది. ఆ తుప్పు బంపర్‌ది కాదు, దాన్ని బిగించిన మామూలు ఉక్కు బోల్టులది. బోల్టులు మార్చాక చారలు మళ్లీ రాలేదు. సున్నం రాలినట్టు తెల్లని పొడి కనిపిస్తే అది జింక్‌కు పట్టిన తుప్పే. తడి ఆరక నిలిచిపోయిన చోట వస్తుంది. కడిగి ఆరబెడితే చాలు. కడిగాక కూడా గోటికి గరుకుగా, చిన్న చిన్న గుంటలుగా తగిలి ఎర్రగానే ఉంటే అక్కడ జింక్ అయిపోయిందని అర్థం.

ఇక నా ఘనకార్యం. పాత పనిముట్ల తుప్పును వెనిగర్ వదిలిస్తుంది కదా అని ఒక అంచు పట్టీని రాత్రంతా అందులో నానబెట్టాను. సన్నని బుడగలు తెగ వస్తుంటే పని జరుగుతోందని సంబరపడ్డాను. కరుగుతున్నది జింక్ అని తెల్లవారాక తెలిసింది. బూడిద రంగు పోయి వట్టి ఉక్కు బయటపడింది, మధ్యాహ్నానికల్లా దాని మీద నారింజ రంగు మొదలైంది. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉండే తుప్పు మందులూ జింక్‌ను తినేస్తాయి. తుప్పు పట్టిన మచ్చ దాటి వాటిని పోనివ్వకండి.

మచ్చలు నాలుగైదే ఉంటే వాటి వరకే ఉప్పుకాగితంతో మెరిసే ఉక్కు కనిపించేదాకా రుద్ది, జిడ్డు తుడిచి, జింక్ పెయింట్ రెండు పూతలు వేయండి. ఆరిన పొరలో 90 శాతానికి పైగా జింక్ ఉంటుందని డబ్బా మీద రాసి ఉండాలి. వెండి రంగు స్ప్రేలో ఉండేది చాలావరకు అల్యూమినియం పొడి, అది రంగు మాత్రమే. జింక్ పెయింట్ ఉక్కును నేరుగా తాకితేనే తాను కరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది. తుప్పు మీద పూస్తే డబ్బు దండగ. చివరి పూత పచ్చిగా ఉన్నప్పుడు స్పాంజితో తడితే కొట్టొచ్చినట్టు కనిపించదు.

సగానికి సగం పోయిన భాగాన్ని మాత్రం వేడి జింక్‌లో ముంచాల్సిందే. ముందు ఆమ్లంలో తుప్పును, పాత జింక్‌ను తీసేసి, తర్వాత సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిన జింక్ ఉండే తొట్టిలో ముంచుతారు. జింక్ అక్కడ ఇనుముతో కలిసి మిశ్రమ పొరలుగా మారుతుంది, అందుకే కళాయిలా తొందరగా అరగదు. పాత పెయింటు, గ్రీజు ఆ ఆమ్లానికి పోవు, వాటి కింద పూత పట్టదు. కాబట్టి అవి తీసి పంపే పని మీదే. అన్ని వైపులా మూసుకుపోయిన గొట్టంలాంటి భాగం ఉంటే రంధ్రాలు తప్పనిసరి. లోపల చిక్కిన తేమ ఆవిరై పేలుతుంది. బంపర్ వెనక తెరిచే ఉంటుంది కాబట్టి దానికి ఆ బాధ లేదు.

పల్చని పట్టీల సంగతి వేరు. నేను పంపిన పొడవాటి పట్టీ అరటి తొక్కలా వంకర తిరిగి వచ్చింది. అడ్డబద్ద కట్టి పంపమని ముంచేవాళ్లు చెప్పినా నేను వినలేదు, కాబట్టి వాళ్లననలేను. బల్లకు బిగించి, కర్ర సుత్తితో రెండు సాయంత్రాలు కొట్టి తిన్నగా చేసుకున్నాను. ఆ పట్టీలు విప్పాలంటే రివెట్లు డ్రిల్ చేయాలి, వాటి కింద ఉన్నది అల్యూమినియం రేకు. వట్టి ఉక్కు దానికి ఆని తడిస్తే ముందు పొడిపొడిగా రాలేది ఆ రేకే. తిరిగి బిగించేటప్పుడు మధ్యలో సీలెంట్ (నీరు చొరనివ్వని జిగురు) పూయండి.

మీ ఫొటో చూస్తే బంపర్‌ను ముంచడానికి పంపి, పట్టీలను చేత్తో బాగుచేసుకోవడమే మేలనిపిస్తోంది. ముంచి తెచ్చినది మొదట్లో కొత్త బకెట్‌లా మెరిసిపోతుంది, ఒకటి రెండు చలికాలాల్లో తగ్గుతుంది. బంపర్ విప్పినప్పుడు మాత్రం అది బిగించే ఛాసిస్ (బండి అడుగు చట్రం) కొసలను సుత్తితో తట్టి చూడండి. కర్మాగారంలో ఛాసిస్‌కు వేసింది రంగే, జింక్ కాదు. ఖంగుమని మోగకుండా దబ్బుమంటే ఛాసిస్‌ను లోపల తుప్పు తినేసినట్టే, ముందు దాని సంగతి చూడండి, బంపర్ పని తర్వాత చూసుకోవచ్చు.