పిడుగు పేరు చెప్పి తప్పించుకునేవాళ్లే ఎక్కువ

గాలిమర రెక్క పాడయ్యేది పిడుగు వల్లేనా అని అడిగారు. పిడుగూ ఒక కారణమే, కాదనను. కానీ నన్నడిగితే కొన్ని రెక్కలు పైకెక్కక ముందే, రోడ్డు మీదే దెబ్బతింటాయి. మాది భూత్పూర్ దగ్గర. అనంతపురం వైపు పోయే రెక్కల ట్రైలర్ల ముందు నాలుగేళ్లు దారి చూపే పైలట్ బండి నడిపాను.

ఒకసారి కొత్తకోట దాటాక బ్రిడ్జి పని ఉందని 44వ నంబరు హైవే నుంచి ఊరి రోడ్డు మీదికి మళ్లించారు. రాత్రి 2 గంటలు. రెక్క 50 మీటర్లు. మొదలు ఇంజన్ వైపు ఉంటుంది, కొస వెనకాల గాలిలో వేలాడుతుంది. బండి కుడికి తిరిగితే కొస ఎడమకు ఊడ్చుకుంటూ పోతుంది. నేను ముందు కరెంటు తీగలు చూస్తున్నా. రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు వేరే తలనొప్పి. ఇంతలో వెనక ఊరి కమాన్‌కు కొస గీసుకుంది. 'చర్ర్'మంది, అంతే. కమాన్ మీది ఫ్లెక్సీ చిరిగిందని ఊరోళ్లు గొడవకు దిగారు. రెక్క సంగతి ఎవరికీ పట్టలేదు. సూపర్‌వైజర్ తడిగుడ్డతో తుడిచి, రెండో పక్క నుంచి ఫొటో తీసి పంపాడు.

సైట్‌లో ఒక ముసలి టెక్నీషియన్ రూపాయి బిళ్లతో రెక్కంతా కొట్టుకుంటూ పోయాడు, సంతలో కుండ వాయించి చూసినట్టు. అంతటా టక్ టక్. కొస దగ్గర జానెడు మేర మాత్రం మొద్దుగా పలికింది. "లోపల పొర ఇడిసింది నాయనా" అన్నాడు. గాజు నార, రెజిన్ (ఆరితే గట్టిపడే బంక) పొరలతో రెండు చిప్పలు చేసి జిగురుతో అతికిస్తారు గదా. కానీ క్రేన్ అద్దె పెరిగిపోతోందని అదే రోజు ఎక్కించేశారు.

తిరిగేటప్పుడు కొస వేగం గంటకు 300 కిలోమీటర్ల దాకా పోతుంది. ఆ వేగంలో వాన చినుకే అంచును గీరేస్తుంది. పగులుంటే నీళ్లు దిగుతాయి. పిడుగు పడితే ఆ తడి ఒక్కసారిగా ఆవిరై రెక్కను చీలుస్తుంది. మరి తప్పు పిడుగుదా, కమాన్‌దా?

ఆ వానాకాలంలో అక్కడ ఒక రెక్క చీలిందని విన్నాను. కాగితంలో పిడుగని రాశారట. మేం దించిందేనని ఎవరూ చెప్పలేదు గానీ నాకు అనుమానం లేదు. రెక్కకు ఏమీ కాలేదన్న ఆ సూపర్‌వైజరే, రెక్క గీసుకుందని చెప్పి నా భత్యంలో 4,000 కోశాడు.