వాడు కొట్టకముందు ఏం జరిగింది?

చిరంజీవి అమ్మణ్ణికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడవడం విన్నాక రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే ఒక చెవిన విని వదిలేస్తావని ఇలా రాస్తున్నాను.

నువ్వు పాఠం చెప్పే మూడో తరగతిలో ఒక పిల్లవాడు పక్కవాళ్లను కొడుతున్నాడు, నోటుబుక్కులు చించుతున్నాడు. ఏం శిక్ష వేస్తే మానతాడని అడిగావు. బెత్తం మాట ఎత్తొద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దాన్ని ఎటూ నిషేధించింది. అసలు శిక్ష సంగతే కొన్నాళ్లు పక్కన పెట్టు. వాడు ఎప్పుడు కొడుతున్నాడు, కొట్టాక వాడికి ఏం దొరుకుతోంది, ముందు అది చూడు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాలుగో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. తెలుగు వాచకం తీయమనగానే పక్కవాడి జుట్టు పట్టుకుని లాగేవాడు. "పో బయటికి" అనేదాన్ని. వరండాలో గోడకానుకుని పీరియడ్ అయ్యేదాకా నిలబడేవాడు. బాగా శిక్ష వేశాననుకున్నాను. జుట్టు లాగడం తగ్గకపోగా పెరిగింది. ఏడాది చివర విడిగా కూర్చోబెట్టి చదివిస్తే తెలిసింది, వాడికి గుణింతాలే రావు. అందరి ముందు తడబడి నవ్వులపాలయ్యే కన్నా వాడికి ఆ వరండానే నయం. జుట్టు లాగితే వరండా దొరుకుతుందని వాడికి నేర్పింది నేనే అమ్మణ్ణీ. ఆ ఏడాది చదువు వాడికి నా చేతులతోనే పోగొట్టాను. ఇన్నేళ్లయినా ఆ బాధ నన్ను వదల్లేదు.

అందుకే చెబుతున్నాను, ఒక నోటుబుక్ పెట్టుకో. వాడు కొట్టిన ప్రతిసారీ టైము, ఏ పీరియడ్, పక్కన ఎవరున్నారు, సరిగ్గా ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, వెంటనే నువ్వు, మిగతా పిల్లలు ఏం చేశారు, ఇవి రెండు మూడు ముక్కల్లో రాయి. "అల్లరి చేశాడు", "పొగరుగా ఉన్నాడు" అని మాత్రం రాయొద్దు. అది మన కోపం. "లెక్క బోర్డు మీద వేయగానే పక్కమ్మాయి పుస్తకం చించాడు" అని కంటికి కనిపించింది రాయి. ఇంకొకటి, వాడు కుదురుగా ఉన్న గంటలు కూడా రాయాలి. చాలామంది టీచర్లు దీన్ని వదిలేస్తారు. నాకైతే సగం జవాబు ఎప్పుడూ అక్కడే దొరికింది.

రెండు వారాలు రాస్తే ఒక దారి కనపడుతుంది. రాని పని ముందు పెట్టినప్పుడే చేస్తుంటే తప్పించుకోవడానికి. నువ్వు వేరే పిల్లల దగ్గరున్నప్పుడే చేస్తుంటే నీ చూపు కోసం, అది తిట్టు రూపంలో వచ్చినా సరే. వస్తువు కోసమైతే అది చేతికి రాగానే ఆగిపోతాడు. ఎవరూ చూడకపోయినా, ఏ పనీ చెప్పకపోయినా ఊగడం, చప్పుడు చేయడం లాంటివి ఉంటే అది వాడి ఒంటికి కావలసిందేమో. బయటికి ఒకేలా కనిపించినా ఇద్దరు పిల్లల కారణాలు వేరుగా ఉండొచ్చు.

వీటన్నిటికీ ముందు ఒళ్లు చూడాలి. వెనక నుంచి మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడు, తిరుగుతాడా? చెవిలో చీము కారుతోందా? బోర్డు చూడకుండా పక్కవాడి పుస్తకంలో చూసి రాస్తున్నాడా? కొన్ని సెకన్లు కళ్లు తెరిచే శూన్యంలోకి చూసి, పిలిచినా పలక్కుండా, మళ్లీ మామూలైపోతున్నాడా? అది మూర్ఛలో ఒక రకం కావచ్చు, పరధ్యానమని తిట్టకుండా డాక్టరుకు చూపించమని ఇంట్లోవాళ్లకు చెప్పు. బడికి ఆరోగ్య పరీక్షల బృందం వచ్చినప్పుడు వాడి పేరు నువ్వే ముందుగా చెప్పు. చదువులో మరీ వెనకబడి ఉంటే మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం టీచరుతో మాట్లాడు.

మీ కలిగిరి వైపు ఇప్పుడు బ్యారన్లలో, అంటే పొగాకు ఆకును వేడికి ఆరబెట్టే కొట్లలో, మంట పెట్టే రోజులు. రాత్రుళ్లు పెద్దవాళ్లు మంట దగ్గర జాగారం చేస్తుంటే పిల్లలూ అక్కడే పడుకుంటారు. వాడు ఎప్పుడు పడుకున్నాడో, పొద్దున ఏం తిన్నాడో అడుగు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల దగ్గర నేను పనిచేసినప్పుడు వేరే రాష్ట్రాల కూలీల పిల్లలకు మొండివాళ్లని పేరుండేది. పాపం, వాళ్లకు మన మాటే అర్థమయ్యేది కాదు.

తల్లిని బడికి పిలిపించి పదిమందిలో నిలదీయొద్దు. సాయంత్రం ఇంటికెళ్లి, వాడు చేసిన మంచి పని ఒకటి ముందు చెప్పి, తర్వాత అడుగు.

కారణం తోచాక ఒకే ఒక్కటి మార్చి చూడు. చదవలేక చేస్తున్నాడనిపిస్తే వాడికి వచ్చిన పాఠం ఇచ్చి చూడు. కొట్టడం తగ్గితే నీ అంచనా సరైనదే. అప్పుడు, కొట్టకుండానే "టీచర్, నాకు రావట్లేదు" అని చెప్పడం నేర్పు. అలా అడిగిన ప్రతిసారీ వెంటనే వెళ్లు. నీ చూపు కోసమైతే, బుద్ధిగా ఉన్నప్పుడే నాలుగుసార్లు పలకరించు. అల్లరిని పట్టించుకోవడం మానగానే మొదట అది ఇంకా ఎక్కువ కావచ్చు, టెన్షన్ పడకు. ఆ సమయంలో లొంగితే ఇంకా గట్టిగా చేస్తే సరిపోతుందని నేర్చుకుంటాడు. కానీ ఇంకొకరికి దెబ్బ తగులుతుంటే మాత్రం చూస్తూ ఊరుకోకూడదు. మాట లేకుండా మధ్యలోకి వెళ్లి విడదీయి.

కొట్టడం ఎక్కువగా మధ్యాహ్నం భోజనం తర్వాతేనని నువ్వే అన్నావు. ఆ గంటలో లెక్కలేనా జరిగేది? భోజనం దగ్గర ఎవరి పక్కన కూర్చుంటున్నాడు? సోమవారం నుంచి రాయడం మొదలుపెట్టు. రెండు వారాలయ్యాక ఆదివారం పొద్దున్నే ఆ నోటుబుక్ పట్టుకుని కావలి రా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ పెద్దమ్మ