ఏప్రిల్ చిట్టా, ఏప్రిలు చిట్టా

సందేహం: మా పొదుపు సంఘం లెక్కలకు ఎక్సెల్‌లో ‘ఏప్రిల్ చిట్టా’, ‘మే చిట్టా’, ‘ఆవర్జా’ అని షీట్లకు పేర్లు పెట్టాం. ఆవర్జాలో ఒక వరుసగా షీట్ల పేర్లు రాసి, ఇన్‌డైరెక్ట్ ఫార్ములాతో మొత్తాలు తెస్తున్నాం. మే వస్తోంది, ఏప్రిల్ రావడం లేదు. అసలు ‘చిట్టా’ సరైన మాటేనా? ‘జాబితా’ అనాలా?

సమాధానం: చిట్టాను మార్చకండి. ఏ రోజు జమాఖర్చు ఆ రోజు రాసుకునే పుస్తకం చిట్టా. హిందీలో చిఠ్ఠా, చిఠ్ఠీ తోబుట్టువులు. మన చీటీ ఆ ఇంటిదే. ఇంగ్లీషువాళ్లు ఇక్కణ్ణుంచి పట్టుకుపోయిన ‘చిట్’ కూడా. ఆవర్జా పారసీ నుంచి వచ్చింది. చిట్టాలోని పద్దులను ఖాతాలవారీగా ఎత్తి రాసేది ఆవర్జా. చిట్టా రాయనిదే ఆవర్జా పుట్టదు. మీ ఫార్ములా చేస్తున్నది సరిగ్గా ఆ ఎత్తిరాతే. ‘హామీల చిట్టా’, ‘నేరాల చిట్టా’ అని రాసీ రాసీ పత్రికలు ఈ తేడాను చెరిపేస్తున్నాయి. తేదీ, జమ, ఖర్చు లేనిది చిట్టా ఎలా అవుతుంది? అది జాబితా. ‘చిట్టితల్లి’లోని చిట్టి వేరే మాట.

ఏప్రిల్‌తో చిక్కు దాని చివరి పొల్లులో, అంటే ‘ల్’లో, ఉండవచ్చు. పొల్లు తర్వాతి హల్లు ఒత్తుగా మారకుండా కొన్ని కీబోర్డులు కంటికి కనబడని ఒక గుర్తును చేరుస్తాయి. షీటు పేరుండే ట్యాబు మీద అది ఉండి, గడిలో రాసిన పేరులో లేకపోతే, మనకు రెండూ ఒకటే; యంత్రానికి కావు. ట్యాబు మీద రెండుసార్లు నొక్కి, పేరును కాపీ చేసి గడిలో అతికించండి. పేరులో ఖాళీ ఉంది కనుక ఫార్ములాలో దానికి రెండువైపులా ఒంటి కొటేషన్లు, ఆ తర్వాత ఆశ్చర్యార్థకం, ఆపై గడి చిరునామా ఉండాలి. మే వస్తోందంటే అవి మీరు పెట్టినట్టే. తర్వాత ట్యాబు పేరు మారిస్తే ఇన్‌డైరెక్ట్ దాన్ని పట్టుకోలేదు. సమాన చిహ్నం కొట్టి, ఆ షీటులోని గడిని నొక్కి తెచ్చుకున్న మామూలు ఫార్ములా అయితే తనే మారుతుంది.

తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసేది. ‘ఏప్రిలు’ అంటే చివర పొల్లూ ఉండదు, దొంగగుర్తూ ఉండదు. వాడుకలో స్థిరపడిన ‘ఏప్రిల్’ను తప్పనలేను కానీ, ట్యాబుకు మాత్రం ‘ఏప్రిలు’ మేలు. పేరు 31 గుర్తులు దాటకూడదు. మనకు ‘చిట్టా’ రెండక్షరాలు. ఎక్సెల్ లెక్కలో చ, గుడి, ట, పొల్లు, ట, దీర్ఘం కలిసి ఆరు.