ఉబ్బసం యాప్‌లో ఏ అంకె రాయాలి?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు, చాలాకాలంగా ఉబ్బసం ఉంది. బుడెసొనైడ్-ఫార్మోటెరాల్ ఇన్‌హేలర్ పొద్దున, రాత్రి రెండేసి పఫ్‌లు పీల్చమన్నారు. బాగున్న రోజుల్లో మర్చిపోతున్నాను. మా అబ్బాయి ఫోన్లో ఆస్తమా యాప్ వేసిచ్చాడు. అది ‘పర్సనల్ బెస్ట్’ ఎంత అని అడుగుతోంది. ఏం రాయాలి? యాప్ ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గించవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బాగున్న రోజుల్లో మర్చిపోవడమే అసలు ప్రమాదం. ఆ మందు ఊపిరి గొట్టాల లోపలి వాపును అణచిపెడుతుంది. మానేసిన రోజే తేడా తెలియదు. వాపు మెల్లగా పెరిగి, దుమ్మో జలుబో తగిలినప్పుడు ఆయాసంగా బయటపడుతుంది. అందుకే యాప్‌లో ముందుగా అలారం పెట్టుకోండి, పళ్లు తోముకోవడానికి కాస్త ముందు మోగేలా. పీల్చాక ఎలాగూ నోరు పుక్కిలించాలి. అలారం మోగకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు నోటిఫికేషన్ అనుమతి ఇచ్చి, బ్యాటరీ ఆదా పరిమితి తీసేయండి. 120 పఫ్‌ల ఇన్‌హేలర్ మీకు సరిగ్గా 30 రోజులు వస్తుంది. 25వ రోజున కొత్తది కొనమని గుర్తుచేసేలా ఇంకో అలారం ఉండాలి.

పర్సనల్ బెస్ట్‌కు పీక్ ఫ్లో మీటర్ కావాలి. ఊదినప్పుడు గాలి ఎంత వేగంగా బయటికి వస్తుందో కొలిచే చిన్న పరికరం అది. ముల్లును సున్నాకు తెచ్చి, నిలబడి, గుండె నిండా గాలి పీల్చి, పెదాలు గొట్టం చుట్టూ బిగించి ఒక్క ఊపున ఊదండి. మూడుసార్లు ఊది పెద్ద అంకె రాసుకోండి, సగటు కాదు. ఉబ్బసం అదుపులో ఉన్నప్పుడు రెండు మూడు వారాలు ఇలా చూస్తే వచ్చే అత్యధిక అంకే మీ పర్సనల్ బెస్ట్. అది 400 అయితే 320 పైన ఆకుపచ్చ (అదుపులో ఉన్నట్టు), 200–320 పసుపు (జాగ్రత్త పడాలి), 200 లోపు ఎరుపు (ప్రమాదం). వయసు, ఎత్తు చూసి యాప్ తానే వేసే అంచనా మీకు సరిపోకపోవచ్చు. మీటర్ మారిస్తే అంకెలూ మారతాయి, ఎప్పుడూ ఒకటే వాడండి.

పీల్చకుండా ‘తీసుకున్నాను’ అని మాత్రం నొక్కకండి. ఆ రికార్డు చూసిన డాక్టరు, మందు పనిచేయడం లేదనుకుని డోసు పెంచే అవకాశం ఉంది. ఇన్‌హేలర్‌కు తగిలించే సెన్సర్లు కూడా చాలావరకు నొక్కిన సంగతే లెక్కిస్తాయి, మందు లోపలికి వెళ్లిందో లేదో చెప్పలేవు. పీల్చే తీరును డాక్టరు ముందు చేసి చూపించాల్సిందే.

కాబట్టి వెళ్లడం తగ్గించవద్దు. ఉబ్బసం ఎంత అదుపులో ఉందో చెప్పే ఐదు ప్రశ్నల ఆస్తమా కంట్రోల్ టెస్ట్‌లో 25కి 19 లేదా అంతకు తక్కువ వస్తే డాక్టరు రమ్మన్న తేదీ కంటే ముందే వెళ్లండి. అంకె ఎరుపులోకి పడినా, మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా డాక్టరు రాసిచ్చిన అత్యవసర మందు పీల్చి వెంటనే 108కి ఫోన్ చేయండి. అప్పుడు యాప్‌లో అంకెలు నింపుతూ కూర్చోవద్దు.